వేలిముద్ర: ఒక తొమ్మిది నిమిషాల బొమ్మ కథ

ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలచేత పద్యాలు వల్లె వేయించినవాణ్ణి. సంధులు విడదీయించాను, సమాసాలకు విగ్రహవాక్యాలు చెప్పించాను, యతి తప్పితే గుడ్లురిమాను. అటువంటివాడు ఆరుపదులు దాటిన తరువాత ఒక లఘుచిత్రానికి మాటలు వ్రాయబూనుకోవడం, ఆ వ్రాసిన మాటల్లో ఒక్కటి కూడా తెరమీదికి ఎక్కకపోవడం, ఎక్కనందుకు తుదకు సంతోషించడం ఈమధ్య జరిగిన ముచ్చట. కొంచెం తీరిక చేసుకుని వినండి.

ఊరు జి.మాడుగుల. ఈ పేరు చెప్పగానే మైదానం మిత్రులు హల్వా సంగతి ఎత్తుతారు. ఆ హల్వా కొండ దిగువనున్న మాడుగులది. ఇది గంగరాజు మాడుగుల. పాడేరునుంచి చింతపల్లి పోయే దారిలో, తూర్పుకనుమల మీద, కాఫీ తోటలకూ మిరియాల తీగలకూ మధ్య ఉన్న మండలకేంద్రం. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. నేను పుట్టింది చోడవరం వైపు. ఉద్యోగరీత్యా కొండ ఎక్కి, ఈ మండలంలోని ఒక ఆశ్రమ పాఠశాలలో పదకొండేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేశాను. మోకాళ్ళకు పడకపోయినా ఈ చలి నా మనసుకు పడింది. విరమణ తరువాత పాడేరులోనే ఉండిపోయాను.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం ఫోను మ్రోగింది. (చరవాణి అని వ్రాయాలని చెయ్యి పీకుతుంది గాని, ఆ మాట అంటే పిల్లలు నవ్వుతారు.) ఒకప్పటి నా శిష్యుడు. ఇప్పుడు తనూ ఉపాధ్యాయుడే.

"మాస్టారండీ, మా తొమ్మిదో తరగతి పిల్లలు చిన్న సినిమా తీస్తామంటున్నారండి. మాటలు మీరు వ్రాసిపెట్టాలండి" అన్నాడు.

కాదనడానికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే, అడిగినందుకు పొంగిపోయాను.

ఈ కొండలు తెరకు కొత్త కావు. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' చిత్రాన్ని చాలా భాగం చింతపల్లి అడవుల్లోనే తీశారు. తెలుగులో మొట్టమొదటి సినిమాస్కోపు చిత్రమది. బడిపిల్లవాడిగా చూసి ఒళ్ళు పులకరించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ వెడల్పాటి తెరనిండా గుంపులు గుంపులుగా కనిపించిన కొండవాళ్ళు ఇంటికి పోయాక ఏ భాషలో మాట్లాడుకుంటారన్న ప్రశ్న మాత్రం అప్పుడు నాకు తోచలేదు. ఆ తరువాత చాలా ఏళ్ళపాటు కూడా తోచలేదని ఒప్పుకోవడానికే ఈ వ్యాసం.

నేను వ్రాసిన కథ ఇది. చదువుకుంటున్న మనుమరాలు, చదువురాని నాయనమ్మ. ఎక్కడికి వెళ్ళినా వేలిముద్ర వేయవలసి వస్తున్నందుకు నాయనమ్మ సిగ్గుపడుతూ ఉంటుంది. మనుమరాలు పలక మీద అక్షరాలు దిద్దిస్తుంది. చివరకు నాయనమ్మ సంతకం చేసి, అక్షరం గొప్పతనం గురించి నాలుగు మాటలు చెబుతుంది. ఆ నాలుగు మాటలూ నాలుగు రోజులు కూర్చుని చెక్కాను. 'అంధకారబంధురమైన నా జీవితాన' అనే ఎత్తుగడ నాకు మహా నచ్చింది. 'వేలిముద్ర' అని పేరు పెట్టాను. ఆ చిత్రంలో చివరిదాకా నిలిచిన నా వ్రాత ఆ పేరొక్కటే.

మనుమరాలి వేషానికి తరగతిలోని ఒక పిల్ల కుదిరింది. నాయనమ్మగా ఆ పిల్ల సొంత నాయనమ్మే. వాళ్ళు కోందులు. ఇంట్లో మాట్లాడేది కువి భాష. సంతలో పదిమందితో కలిసినప్పుడు ఆదివాసీ ఒరియా. తెలుగు ఆ పెద్దామెకు అర్థమవుతుంది గాని నోట పలకదు. "పలికిస్తాం మాస్టారూ" అన్నారు పిల్లలు. ఆమె ఒక్కటే షరతు పెట్టింది. కాఫీ పళ్ళు ఏరే రోజులు కనుక ఆదివారం మధ్యాహ్నానికల్లా వదిలెయ్యాలి. మేము సరేనన్నాం.

చిత్రీకరణ సామగ్రి అంటే మా శిష్యుడి ఫోను, దాన్ని నిలబెట్టడానికి ఒక ముక్కాలిపీట, ఇటుకలు, ఒక పలక. ఆ పలకకు రెండు ఉద్యోగాలు. దృశ్యం సంఖ్య వ్రాసి ఫోను ముందు పట్టుకోవడానికీ అదే, కథలో నాయనమ్మకు దిద్దించడానికీ అదే. ఒకసారి తుడవడం మరిచిపోయారు. 'అ' ఉండవలసిన చోట '3' ఉంది. నాయనమ్మ దాన్నే శ్రద్ధగా దిద్దింది. చూసుకునేసరికి పొద్దెక్కిపోయింది.

కదిలే దృశ్యాలు తీయడానికి సినిమావాళ్ళు కెమెరాను చక్రాల బండి మీద తోస్తారట, దాన్ని డాలీ అంటారట. ఆ మాట విన్న ఒక పిల్లవాడు "మన దగ్గర డోలీ ఉంది కదండీ" అన్నాడు. దారిలేని ఊళ్ళనుంచి రోగుల్నీ బాలింతల్నీ దుప్పటీ కట్టిన కర్రకు వేలాడదీసి మోసుకొచ్చే డోలీ గురించి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. ఇద్దరు కర్ర భుజానికెత్తుకున్నారు, మూడోవాడు ఫోను పట్టుకుని దుప్పట్లో కూర్చున్నాడు. బొమ్మ ఉయ్యాలలా ఊగి ఎందుకూ పనికిరాలేదు. కాఫీ తోటనుంచి వస్తున్న పెద్దామె ఇది చూసి వాళ్ళను కసిరింది. ఆ కసురుకు తర్జుమా అక్కర్లేకపోయింది. కర్రా దుప్పటీ మారు మాట్లాడకుండా లోపల పెట్టేశారు.

వెలుతురుతో ఇంకో తంటా. తొమ్మిది దాటేదాకా మంచు విడవదు. మధ్యాహ్నం నాలుగింటికే కొండనీడ వాకిట్లోకి వస్తుంది. మధ్యలో ఉన్న కాసేపట్లో పెద్దామె మాకిచ్చేది సగం. పైగా మొదటి ఆదివారం మనుమరాలు వలిసె చేను గట్టున నడిచి వచ్చే దృశ్యం సగం తీసి ఆపాం. కొండవాలంతా పసుపు పరిచినట్టున్న పూలు. వారం తిరిగి వెళ్ళేసరికి ఆ పూలు లేవు. చేను రంగు మారిపోయింది. నవంబరు పూత మా కోసం ఆగుతుందా? పిల్లలు నీరసపడ్డారు. అప్పుడు వాళ్ళకు సత్యజిత్ రాయ్ సంగతి చెప్పాను. 'పథేర్ పాంచాలీ' మొదటి రోజు చిత్రీకరణ 1952 అక్టోబరు 27న రెల్లుపూల చేలో జరిగింది. వారం తరువాత మిగతా సగం తీద్దామని వెళితే ఆ పూలన్నీ పశువులు మేసిపోయాయి. మళ్ళీ పూచేదాకా ఆయన మరుసటి ఏడు వరకు ఆగాడు. చిత్రం 1955లో విడుదలైంది. ఇదంతా విని మా ఛాయాగ్రాహకుడు "మనం ఏడాది ఆగితే పదో తరగతి పరీక్షలొస్తాయండి" అన్నాడు. తీసిన సగంతోనే సరిపెట్టుకున్నాం.

ఇక రెండో ఆదివారం ముఖ్య దృశ్యం. నాయనమ్మ నా నాలుగు మాటలు చెప్పవలసిన ఘట్టం. పిల్లలు ఒక్కొక్క ముక్కే అందిస్తున్నారు, ఆమె పలకబోయి ఆగిపోతోంది. 'అంధకారబంధురమైన' అనే మాట దగ్గర పిల్లలకే నాలుక తిరగలేదు. ఏడోసారో ఎనిమిదోసారో ఆమె పలక ఒడిలో పెట్టుకుని, మనుమరాలి వైపు తిరిగి, తన భాషలో ఏదో అడిగింది. చుట్టూ ఉన్న పిల్లల్లో ఆ భాష తెలిసినవాళ్ళు ఫక్కున నవ్వారు. మనుమరాలు మాత్రం తల వంచుకుంది. కట్ చెప్పవలసినవాడు కూడా నవ్వుతూ ఉండిపోయాడు గనుక ఫోను నడుస్తూనే ఉంది. ఆనాటికి పని అక్కడితో ముగిసింది. ఏమన్నదని అడిగితే "ఏం లేదండీ" అన్నారు.

ఆ రాత్రి మా శిష్యుడి ఇంట్లో కుంపటి పక్కన కూర్చుని, తీసినదంతా లాప్‌టాపులో వేసి చూశాం. కూర్పు అనే పని నాకు నచ్చింది. చాలా భాగం పద్యం దిద్దడం వంటిదే. అక్కర్లేనిది తీసేస్తే మిగిలినది బిగుస్తుంది. ఆ ముక్క వచ్చింది. పెద్దామె ముఖం అంతదాకా ఏ దృశ్యంలోనూ అంత సజీవంగా లేదు. కనుబొమ్మలు ఎగరేసి, ఒక చేయి తిప్పి, నిజంగా జవాబు కావాలన్నట్టు అడుగుతోంది. నేను మళ్ళీ వేయించాను. మళ్ళీ. చివరకు "ఏమందిరా?" అన్నాను.

శిష్యుడు కాసేపు కుంపట్లో బొగ్గులు ఎగదోశాడు.

"మీ మాస్టారికి మన మాట వచ్చా అని అడిగిందండి. రాదని ఆ పిల్ల తల ఊపింది కదండీ. అయితే నేనేమంటానో ఆయనకెలా తెలిసింది, అందండి."

మిత్రులారా, నా వ్రాతల మీద విమర్శలు విన్నాను. ఇటువంటిది వినలేదు. సంభాషణ వ్రాయడమంటే ఏమిటో ఆమె ఒక్క ప్రశ్నలో తేల్చేసింది. ఆ పాత్ర ఏమంటుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా నాకు తోచలేదు. ఆమె అనవలసినది నేనే నిర్ణయించి, ఆమె నోట్లో పెట్టబోయాను.

మౌనం పొడుగవుతూంటే శిష్యుడే నెమ్మదిగా అన్నాడు: "మాస్టారండీ, మీ తరగతిలో ఇంటి మాట మాట్లాడితే నిలబెట్టేవారు కదండీ. నేనూ నిలబడ్డానండి."

నాకు గుర్తు లేదు. అతనికి ఉంది. అతను కోపంగా అనలేదు, ఏదో పాత సంగతి కలిసొచ్చినట్టు అన్నాడు. అందుకే అది లోతుగా దిగింది. ఆ నియమం పెట్టింది నేనే. ఎవరూ చెప్పి పెట్టించలేదు. తరగతిగదిలో ఒరియా గాని కువి గాని వినిపిస్తే ఆ గంట అయ్యేదాకా నిలబడాలి. తెలుగు త్వరగా పట్టుబడుతుందని నమ్మాను. కొందరికి పట్టుబడింది కూడా. మరికొందరు తెలుగులోనూ మాట్లాడకుండా, ఇంటి మాటా మాట్లాడకుండా కూర్చునేవారు. వాళ్ళను 'క్రమశిక్షణ గలవారు' అని మెచ్చుకున్నాను. అలా మెచ్చుకున్నవాళ్ళలో ఒకడు సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళి తిరిగి రాలేదు. ఎందుకు రాలేదో వెళ్ళి అడిగివుండవలసింది. అడగలేదు.

నిద్ర పట్టని ఆ రాత్రి నన్ను మరీ సిగ్గుపడేలా చేసినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజైన తెలుగు భాషా దినోత్సవం నాడు, ఆ బడిలోనే నేను ఉపన్యసించేవాణ్ణి. వాడుకభాష కోసం ఆయన చేసిన పోరాటాన్ని గ్రాంథికభాషలో కీర్తించేవాణ్ణి. (ఆ వింత అప్పుడు కనబడలేదు.) పంతులుగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. చుట్టుపక్కల కొండల్లో ఉన్న సవరల భాష నేర్చుకోదలచి, తెలుగు తెలిసిన సవరను ఇంట్లోనే ఉంచుకుని, అతని నోటివెంట ఒక్కొక్క మాటే విని నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లలకు బడులు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. అప్పటికి ఆయన వయస్సు డెబ్భై అయిదు. సవర తెలుగుకు బంధువు కాదు, ముండా కుటుంబానికి చెందిన భాష. కువి అలా కాదు. తెలుగు, గోండీ, కొండ భాషలతో కలిసి ఒకే ద్రావిడ శాఖలోనిది. వరసకు తెలుగుకు చెల్లెలు. పండిత శిక్షణలో ఆ పట్టిక నేను కంఠస్థం చేశాను, పరీక్షలో వ్రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ చెల్లెలు నా తరగతి గదిలో నోరు తెరిస్తే నిలబెట్టాను.

2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపిలో ప్రాథమిక వాచకాలు తయారుచేశారు. కువి, ఆదివాసీ ఒరియా వాటిలో ఉన్నాయి. అవి చిన్న తరగతులవి కనుక నాకు సంబంధం లేదనుకున్నాను.

మూడో ఆదివారం నా కాగితాలు సంచిలోంచి తీయలేదు. మనుమరాలిచేత పెద్దామెను ఒక్కటే అడిగించాను: వేలిముద్ర వేయడం సిగ్గనిపిస్తుందా?

ఆమె ముందు నవ్వింది. తరువాత చాలాసేపు మాట్లాడింది. పిల్ల విడతలు విడతలుగా చెప్పింది. సిగ్గు దేనికి? వేలు తనదే కదా. తన బాధ వేరే. ఆ వేలు పడటం లేదు. పసుపు తవ్వి, చోళ్ళు దంచి, కాఫీ పళ్ళు ఏరి బొటనవేలి మీద గీతలు అరిగిపోయాయి. బియ్యానికి వెళితే యంత్రం ఆమె వేలిని గుర్తుపట్టదు. కుడి బొటనవేలు కాకపోతే ఎడమది, అదీ కాకపోతే చూపుడువేలు. తుడుచుకుని మళ్ళీ, నూనె రాసుకుని మళ్ళీ. వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటారు. ఒక్కొక్కసారి మర్నాడు రమ్మంటారు. "నేను నేనేనని అందరికీ తెలుసు, దానికి తప్ప" అందట.

వేలిముద్ర నుంచి సంతకానికి ఎదగాలని నేను కథ అల్లాను. ఆమెకు ఆ వేలిముద్ర కూడా మిగలలేదన్నది అసలు కథ. పక్కనే ఉంది. అడిగితే దొరికింది.

పిల్లలు దాన్ని రెండు ఆదివారాల్లో తీశారు. అట్టపెట్టెకు ఎర్ర దీపం తగిలించి యంత్రం చేశారు. అది వేలిని కాదన్నప్పుడు వచ్చే కీచు శబ్దం ఒక పిల్లవాడి నోటిదే. పెద్దామెకు ఎవరూ ఏమీ అందించలేదు. మొదటిసారికే సరిపోయింది. చివరి దృశ్యం పిల్లల ఊహ. మనుమరాలు దీపపు మసి నాయనమ్మ బొటనవేలికి పూసి కాగితం మీద అద్దిస్తుంది. నల్లటి మచ్చ తప్ప గీత కనిపించదు. అప్పుడు నాయనమ్మ మనుమరాలి వేలికి మసి పూసి పక్కనే అద్దుతుంది. సుడులు సుడులుగా గీతలన్నీ తేటగా పడతాయి. పెద్దామె ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చూస్తుంది. మాట లేదు. అంతే.

నాకు దక్కిన పని తెరకింద తెలుగు మాటలు వ్రాయడం. ఛందస్సుకన్నా కఠినమని తెలిసింది. ఆమె మూడు క్షణాల్లో అన్నదాన్ని చదువరి మూడు క్షణాల్లో చదివి ముగించాలి. రెండు పంక్తులు మించరాదు. సమాసం వేస్తే కన్ను తట్టుకుంటుంది. నేను వ్రాసిన ప్రతి వాక్యాన్నీ మనుమరాలు చదివి, "అంత పెద్దగా అనలేదండి" అనో, "ఇది వదిలేశారండి" అనో దిద్దింది. ఒకచోట 'ఆవేదన' అని వ్రాస్తే, "బాధ కాదండీ, అక్కడ వెక్కిరిస్తోంది" అంది. బొమ్మ మళ్ళీ చూశాను. నిజమే, వెక్కిరిస్తోంది. జీవితమంతా ఎర్రసిరా పట్టుకున్న చేతికి ఆ దిద్దుబాటు బాగానే పట్టింది.

సంక్రాంతి సెలవులకు ముందు బడి గోడమీద తెల్ల దుప్పటి కట్టి వేశారు. రెండు గంటల నలభై నిమిషాలు తీసినది తొమ్మిది నిమిషాలకు తేలింది. చలికి అందరూ దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. మొదటి మాట కువిలో వినబడగానే పిల్లల్లో కలకలం రేగింది. పక్కవాళ్ళు తమ వంక చూడడం మొదలుపెట్టగానే ఆ భాషవాళ్ళు కొందరు సిగ్గుపడ్డారు, కొందరు గట్టిగా నవ్వారు, వెనక వరసలో ఒకడు పెద్దామెతోపాటు మాటలు పైకే చెప్పడం మొదలెట్టాడు. ఎవరూ వాణ్ణి నిలబెట్టలేదు. పెద్దామె గోడమీద చేటంత ఉన్న తన బొటనవేలిని చూసి, తన చేతిని ఒకసారి చూసుకుంది.

తరువాత పిల్లలు ఆ చిత్రాన్ని ఒక పోటీకి పంపుదామనుకున్నారు. నిబంధనల్లో సంభాషణలు తెలుగులోగాని ఇంగ్లీషులోగాని ఉండాలని ఉంది. "మాస్టారూ, మీ పాత మాటలు పైన అతికించి పంపుదామా?" అని మా ఛాయాగ్రాహకుడు అడిగాడు. ఆశగానే అడిగాడు పాపం, బహుమతి పదివేలు. నేను ఏమీ అనకముందే మనుమరాలు వద్దంది. పంపలేదు. పదివేలు పోయినందుకు కొందరు పిల్లలు ఆ పిల్లతో రెండురోజులు మాట్లాడలేదట. అదీ ఆ పిల్లే భరించింది.

నేనిప్పుడు నెలకు రెండు ఆదివారాలు బస్సెక్కి జి.మాడుగుల వెళుతున్నాను. ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఇంటికీ, కంటికీ వాళ్ళు వాడే మాటలు మన ఇల్లు, కన్నులకు ఇంత దగ్గరగా ఉంటాయని పుస్తకంలో చదవడం వేరు, చూరు కింద కూర్చుని వినడం వేరు. గొంతులో చటుక్కున ఆగిపోయే ధ్వని ఒకటుంది. దానికి మన లిపిలో అక్షరం లేదు, నా గొంతులో చోటూ లేదు. నూటపన్నెండు మాటలు వ్రాసుకున్నాను. వాటిలో మనుమరాలు కొట్టేసి తిరిగి వ్రాసినవి సగానికి పైనే. పలికి చూపిస్తే పెద్దామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది.

ఒక్క మాటకు మాత్రం ఇంకా ధైర్యం చాలడం లేదు. సంక్రాంతి సెలవులకు వెళ్ళి రాని ఆ పిల్లవాడి ఊరు ఎక్కడో శిష్యుడికి తెలుసు. ఇప్పుడు ముప్పై దగ్గరపడి ఉంటాడు. వెళ్ళి ఏం చెప్పాలో తెలుగులో నాకు వచ్చు. అతని మాటలో ఇంకా రాదు. వచ్చిన తరువాత వెళతాను.